చోబేలో ఒక పగలు: నీటి మీద, నేల మీద

విక్టోరియా జలపాతం చూడటానికి జింబాబ్వేకో జాంబియాకో వెళ్లినవారిలో చాలామంది తమ ప్రయాణంలో ఒక పగలును చోబేకు కేటాయిస్తారు. తెల్లవారగానే బయలుదేరి, సరిహద్దు దాటి బోట్స్వానాలోని కసానే పట్టణం చేరుకుని, ఉదయం చోబే నదిలో పడవ మీద, భోజనం తరవాత జాతీయ పార్కులో వాహనం మీద తిరిగి, చీకటి పడే వేళకు బస చేసిన ఊరికి చేరడం ఈ యాత్ర మామూలు క్రమం. విక్టోరియా ఫాల్స్ పట్టణం నుంచి కసానే దాదాపు 80 కిలోమీటర్లు. జాంబియా వైపున్న లివింగ్‌స్టన్ నుంచి కూడా అటూ ఇటూగా అంతే. దూరం తక్కువే అయినా మధ్యలో ఒక దేశపు హద్దు ఉంది. యాత్ర కాలపట్టికను ఆ హద్దూ ఆ దూరమే తయారు చేశాయి. అక్కడి జంతువుల కాలపట్టికను తయారు చేసేది మాత్రం నీరు. ఈ రెండు పట్టికలు ఎక్కడ కలుస్తాయో, ఎక్కడ ఒకదాన్నొకటి తప్పించుకుంటాయో గ్రహిస్తే గానీ ఆ ఒక్క పగటిలో ఏది దక్కుతుందో, ఏది దక్కదో అర్థం కాదు.

చోబే అనేది ఆ నది చివరి భాగానికి ఉన్న పేరు. అంగోలాలోని ఎత్తైన నేలల్లో పుట్టి దక్షిణంగా పారేటప్పుడు దాన్ని క్వాండో అంటారు. నమీబియా ఈశాన్య కొసను దాటి బోట్స్వానా అంచుకు చేరాక చిత్తడి నేలల్లో పరుచుకుని లిన్యాంటి అవుతుంది. అక్కడి నుంచి ఈశాన్యానికి తిరిగి, చోబే అనిపించుకుని, కసానేకు దిగువన కజుంగులా దగ్గర జాంబెజీలో కలుస్తుంది. జాంబెజీకి వరద వచ్చినప్పుడు ఈ ఉపనదికి ఒక విచిత్రమైన దశ పడుతుంది. పెద్ద నది నీరు ఎగదన్ని చోబేలోకి చొచ్చుకువస్తుంది. ప్రవాహం నిలిచిపోతుంది, కొన్నిసార్లు వెనక్కి కూడా పారుతుంది. గోదావరి ఉప్పొంగినప్పుడు కూనవరం దగ్గర శబరికి ఎగపోటు తగలడం తెలుగువారు ఏటా వినే మాటే కాబట్టి ఈ సంగతి ఊహించుకోవడం కష్టం కాదు. తేడా అల్లా నేలలో ఉంది. చోబే ఉత్తర గట్టున కొండలు లేవు, మిట్టలు లేవు. ఎగదన్నిన నీరు మైళ్ల కొద్దీ పల్లపు మైదానం మీద పలచగా పరుచుకుంటుంది.

ఇక్కడ అసలు కీలకం వానకూ వరదకూ మధ్య ఉన్న ఎడం. కసానే ప్రాంతంలో వానలు నవంబరు నుంచి మార్చి దాకా కురుస్తాయి. జాంబెజీని నింపే వాన ఎక్కడో ఎగువన, అంగోలాలోనూ జాంబియా వాయవ్య ప్రాంతంలోనూ పడుతుంది. అది ప్రయాణం చేసి ఇక్కడికి చేరేసరికి మార్చి, ఏప్రిల్, మే అవుతుంది. అంటే స్థానికంగా వాన వెనకబట్టాక నదికి వరద వస్తుంది. ఆ వరద తీసేకొద్దీ, చుట్టూ అడవి ఎండి బూడిదరంగుకు తిరిగే నెలల్లో, నది ఒడ్డున మాత్రం పచ్చగడ్డి కొత్తగా మొలుస్తుంది. వానాకాలంలో అడవి లోపల గుంటలన్నీ నిండి ఉంటాయి కాబట్టి ఏనుగులకు నదితో పని ఉండదు. అవి లోలోపలికి చెదిరిపోతాయి. జూన్ నుంచి గుంటలు ఒక్కొక్కటే ఎండుతాయి. ఆగస్టు దాటాక చాలా మేర అడవికి మిగిలే నమ్మకమైన నీటి వనరు ఈ ఒక్క నదే. నీళ్ల కోసం ఒకటి, మేత కోసం ఒకటి, ఈ రెండు కారణాలూ ఒకే గట్టు మీద కలవడం వల్లనే జులై నుంచి అక్టోబరు దాకా చోబే తీరాన అంత పెద్ద గుంపులు కనిపిస్తాయి. జనవరిలో వెళ్లినవారికి ఏనుగులు తక్కువ కనిపించాయంటే అది గైడు లోపం కాదు, ఋతువు లక్షణం. ఆ నెలల్లో పక్షులూ, అప్పుడే పుట్టిన ఇంపాలా జింక పిల్లలూ ఆ లోటును కొంత తీరుస్తాయి.

కసానే నుంచి పడవ ఎక్కగానే ఎదురయ్యే సెడుడు దీవిని గోదావరి జిల్లాలవారు చూస్తే లంక అనే అంటారు. సుమారు మూడున్నర చదరపు కిలోమీటర్ల గడ్డినేల అది. చుట్టూ రెండు పాయలు, వరద వస్తే కొన్ని నెలలు మునక. నమీబియావారు దాన్ని కాసికిలి అంటారు. ఈ లంక ఎవరిదన్న వివాదం రెండు దేశాల మధ్య పెరిగి, హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానం దాకా వెళ్లింది. 1890లో బ్రిటన్, జర్మనీ తమ వలసల హద్దును చోబే ప్రధాన పాయ వెంట గీసుకున్నాయి గానీ, రెండు పాయల్లో ప్రధానమైనది ఏదో ఆ ఒప్పందం చెప్పలేదు. లోతు, వెడల్పు, ప్రవాహం, పడవల రాకపోకలు అన్నీ వాదనలోకి వచ్చాయి. 1999 డిసెంబరు 13న 11 మంది న్యాయమూర్తులు ఒకవైపు, నలుగురు మరోవైపు నిలిచిన తీర్పులో ఉత్తర పాయే ప్రధానమైనదనీ, దీవి బోట్స్వానాదేననీ న్యాయస్థానం తేల్చింది. దాంతోపాటు రెండు పాయల్లోనూ రెండు దేశాల పౌరులకూ పడవలకూ సమాన మర్యాద ఉండాలని కూడా చెప్పింది. ఈ రోజు యాత్రికుల పడవ ఆ దీవిని చుట్టి రాగలగడం వెనక ఈ తీర్పు ఉంది. ఈ కథ తెలిసిన యాత్రికుడికి ఆ గడ్డి మైదానం ఉత్త గడ్డి మైదానంలా కనిపించదు.

నీటి మీది సగంలో మొదట అనుభవంలోకి వచ్చేది చూపు ఎత్తు మారడం. వాహనం మీద కూర్చున్న మనిషి జంతువును పైనుంచి గానీ సమంగా గానీ చూస్తాడు. పడవలో కూర్చున్నవాడు గట్టు మీదున్న ఏనుగును తల ఎత్తి చూడాలి. నీటిమట్టానికి ఆనించినట్టున్న మొసలి కన్నూ, నీటిగుర్రం చెవులూ చూసేవాడి కళ్లకు సమాన ఎత్తులో ఉంటాయి. నది మీది నుంచి వచ్చేదాన్ని ఇక్కడి జంతువులు అంతగా ప్రమాదంగా ఎంచవు. గైడు ఇంజను ఆపి పడవను నెమ్మదిగా జారనిస్తే, నీళ్లు తాగుతున్న ఏనుగుల గుంపు తలెత్తి ఒకసారి చూసి మళ్లీ తన పనిలో పడుతుంది. గున్నలు తొండం వాడటం ఇంకా సరిగ్గా రాక నోటితోనే నీళ్లు తాగడం, పెద్దవి గడ్డిని వేళ్లతో సహా పెరికి, మట్టి వదిలేదాకా నీళ్లలో జాడించి తినడం వంటివి ఇంత దగ్గరగా, ఇంత సేపు నేల మీది నుంచి కనిపించడం అరుదు.

చోబేలో అన్నిటికన్నా ఎదురుచూడదగినది ఏనుగులు పాయ దాటడం. ఒడ్డున గుంపంతా కాసేపు తటపటాయిస్తుంది. పెద్ద ఆడ ఏనుగు దిగుతుంది. లోతు పెరిగేకొద్దీ శరీరాలు మునిగి, నీటి పైన తొండాల కొసలు మాత్రం ఊపిరి గొట్టాల్లా కదులుతూ పోతాయి. గున్నలను పెద్దవాటి మధ్యలో ఉంచుకుని ఈదుతాయి. అవతల లంక మీదికి ఎక్కాక ఒంటి మీద తడిసిన మేర నల్లగా, తడవని మేర బూడిదరంగుగా గీత గీసినట్టు కనిపిస్తుంది. ఈ సమయంలో పడవ ఎక్కడ ఆగిందన్నదే గైడు పనితనానికి పరీక్ష. దాటే దారికి అడ్డంగా గానీ, తల్లికీ గున్నకూ మధ్యగా గానీ పడవ వెళ్లిందంటే గుంపు బెదిరి వెనక్కి తిరుగుతుంది. ఫొటో కోసం ఇంకాస్త ముందుకు పోనివ్వమని యాత్రికులు ఒత్తిడి చేయడం, దానికి కొందరు గైడ్లు లొంగడం ఈ నది మీద నిజంగా బాధ కలిగించే విషయాలు.

నీటిగుర్రం విషయంలో జాగ్రత్త మరో రకంగా ఉంటుంది. దాని చర్మం ఎండకు త్వరగా తేమ కోల్పోతుంది కాబట్టి పగలంతా నీటిలో ఉండి రాత్రి ఒడ్డుకు మేతకు వస్తుంది. చల్లటి నెలల్లో మాత్రం పగలే గట్టెక్కి ఎండ కాచుకుంటుంది. భయం వేస్తే అది పరిగెత్తేది లోతు నీటివైపు. ఒడ్డున ఉన్న నీటిగుర్రానికీ లోతు నీటికీ మధ్య పడవ నిలపకూడదన్న నియమం అందుకే. అన్నీ తెలిసిన గైడు పైకి కనిపిస్తున్న తలలను లెక్కబెట్టి, ఒకటి తగ్గితే అది ఎక్కడ లేస్తుందో తేలేదాకా పడవను కదపడు.

పక్షులను చాలా యాత్రలు తేలిగ్గా దాటేస్తాయి, ఇది అన్యాయం. మన పంటకాలువల మీద రెక్కలాడిస్తూ గాలిలో నిలబడే నలుపు తెలుపు లకుముకి పిట్ట చోబే మీద కూడా అదే జాతి, అదే విద్య. కాకినాడ తీరానికి చలికాలంలో వచ్చే స్కిమ్మర్‌కు ఆఫ్రికా చుట్టం ఒకటి ఇక్కడ ఉంది. కింది ముక్కు పైదానికన్నా పొడవుగా ఉండి, దానితో నీటిని కోస్తూ ఎగురుతుంది. అది నది తగ్గినప్పుడు బయటపడే ఇసుక మేటల మీద గుడ్లు పెడుతుంది. వేగంగా పోయే పడవ రేపే అల ఆ మేట మీదికి ఎక్కితే గూడు పోయినట్టే. పడవ వేగం తగ్గించమని గైడును అడగడానికి ఈ ఒక్క కారణం చాలు.

మధ్యాహ్నం యాత్ర నేల మీదికి మారుతుంది. 1967లో ఏర్పడిన చోబే బోట్స్వానాలో మొట్టమొదటి జాతీయ పార్కు. వైశాల్యం సుమారు 11,700 చదరపు కిలోమీటర్లు. ఒక్క రోజు యాత్రికుడు చూసేది సెడుడు గేటు నుంచి నది వెంబడి సాగే ఉత్తరపు అంచును మాత్రమే. సవూతి, లిన్యాంటి వంటి లోపలి ప్రాంతాలు లోతైన ఇసుక దారుల అవతల ఉన్నాయి. వాటిని పగటిలో వెళ్లి వచ్చే చోట్లుగా ఎంచకూడదు. పక్కలు తెరిచి, సీట్లు మెట్లు మెట్లుగా ఉన్న ఫోర్‌వీల్ వాహనం దారి విడిచి పోకూడదు, మనుషులు నిర్ణీత చోట్ల తప్ప కిందికి దిగకూడదు, చీకటి పడేలోగా గేటు దాటాలి.

నేల మీద గైడు విద్య చదువులాంటిది. ఇసుక మీది అడుగు తాజాదా పాతదా, ఇంపాలాలన్నీ ఒకేవైపు ఎందుకు చూస్తున్నాయి, రాబందులు చెట్టు మీద వాలి ఉన్నాయా లేక దిగుతున్నాయా వంటివి చూసి అతను దారి మారుస్తాడు. జిరాఫీలు, కుడూ జింకలు, వందలకొద్దీ ఆఫ్రికా గేదెలు, బోట్స్వానాలో ఈ వరద మైదానంలో తప్ప మరెక్కడా కనిపించని పుకు జింక ఈ భాగంలో చూడదగినవి. ఇక సింహాలు. చోబేలో సింహాలున్నాయి, నది దగ్గరికే వస్తాయి కూడా. అయితే అవి చురుకుగా ఉండేది తెల్లవారుజామునా, సాయంకాలం తరవాతా. ఒక్క రోజు యాత్రికుడు తెల్లవారుజామున వేరే దేశంలో వాహనం ఎక్కుతుంటాడు, సంధ్యవేళకు మళ్లీ సరిహద్దు దారి పట్టి ఉంటాడు. మధ్యలో మిగిలిన గంటల్లో సింహం పొదనీడన నిద్రలో ఉంటుంది. చిరుతపులి సంగతి చెప్పనక్కర్లేదు. అందువల్ల సింహం కోసమే ఈ యాత్రకు డబ్బు కట్టడం పొరపాటు లెక్క. అది కావాలనుకున్నవారు కసానేలో కనీసం ఒక రాత్రి ఉండి, తెల్లవారకముందే గేటు దగ్గర నిలబడాలి. ఒకచోట సింహం కనిపించిందని రేడియోలో వినపడగానే వాహనాలన్నీ అటు ఉరకడం, ఒకే పొద చుట్టూ మూగడం ఈ పొరపాటు లెక్క ఫలితమే.

వాహనం మీది నుంచి కనిపించే మరో దృశ్యాన్ని చాలామంది తప్పుగా చదువుతారు. నది గట్టు మీద పెద్ద చెట్లు మోడులై, విరిగి, బెరడు ఊడి నిలబడి ఉంటాయి. ఏనుగులు అడవిని నాశనం చేశాయన్న మాట వెంటనే నోటికి వస్తుంది. అది సగం నిజం. పంతొమ్మిదో శతాబ్దంలో దంతాల వేట ఇక్కడి ఏనుగులను దాదాపు తుడిచిపెట్టింది. 1896 ప్రాంతంలో పశువుల ముసరవ్యాధి ఆఫ్రికా దక్షిణాన వ్యాపించి, మేత మేసే అడవి జంతువులనూ లెక్కలేనన్నిటిని చంపింది. మొలకలను తినే నోళ్లు లేని ఆ కొన్ని దశాబ్దాల్లో గట్టు మీద చెట్లు గుబురుగా పెరిగాయని శాస్త్రజ్ఞుల అంచనా. వేట ఆగి ఏనుగులు తిరిగి పెరిగాక ఆ చెట్లు పోయి, పొదలు వచ్చాయి. ఆ అడవిని అనాదిగా ఉన్నదనుకుంటే ఏనుగు దోషి. అది ఒక మహా విపత్తు మిగిల్చిన ఖాళీలో మొలిచిందని తెలిస్తే తీర్పు చెప్పడం అంత సులువు కాదు. ఈ ముక్క చెప్పే గైడు దొరకడం ఆ రోజుకు అదృష్టమే.

ఇక క్రమం సంగతి. ఉదయం నది, మధ్యాహ్నం నేల అన్న మామూలు పద్ధతి నిర్వాహకులకు అనుకూలం. వానలు లేని పొడి నెలల్లో జంతువులకు మాత్రం అది తిరగబడి ఉంది. పొద్దున ఏనుగులు ఎక్కువగా అడవిలో మేస్తుంటాయి. మధ్యాహ్నం మూడు గంటల నుంచి బారులు తీరి నదికి దిగుతాయి. ఉదయం వాహనంలో వెళితే రాత్రి జరిగినదాని జాడలు ఇసుక మీద ఇంకా చెరగకుండా ఉంటాయి, గాలి చల్లగా ఉంటుంది. సాయంత్రం పడవలో ఉంటే ఏనుగులు వచ్చే వేళకు వాటి ఎదుట ఉన్నట్టవుతుంది. వెలుగు కూడా పడవ పక్షమే. భూమధ్యరేఖకు దక్షిణాన ఉన్న ఈ చోట జూన్ నుంచి సెప్టెంబరు దాకా సూర్యుడు ఉత్తరం వైపు వాలి ఉంటాడు. పార్కు ఉన్నది దక్షిణ గట్టున. పడవలో కూర్చుని గట్టువైపు చూసేవాడికి ఎండ వీపు వెనక ఉంటుంది, గట్టు మీద వాహనంలోంచి నదివైపు చూసేవాడికి ఎండ కళ్లలో పడుతుంది. కొందరు నిర్వాహకులు అడిగితే క్రమం మార్చే అవకాశం ఇస్తారు. పొడి నెలల్లో వెళ్లేవారు ఆ అవకాశాన్ని వదులుకోకూడదు. మార్చడం కుదరకపోతే, మధ్యాహ్నం వాహనం పై దారిలో కాకుండా నది అంచున పోయే దిగువ దారిలో ఎక్కువసేపు ఉండేలా గైడును అడగడం మేలు.

పడవ పరిమాణం కూడా ఆలోచించవలసినదే. పది మంది పట్టే చదును అడుగు పడవ ఒడ్డు దాకా చేరగలదు. రెండంతస్తుల పెద్ద పడవ నది మధ్యనే ఉండిపోతుంది, దాని మీద మాటలూ గ్లాసుల చప్పుడూ ఎక్కువ. పార్కు లోపల నదీతీరాన ఉన్న చోబే గేమ్ లాడ్జి 2014 నుంచి బ్యాటరీతో నడిచే పడవలూ వాహనాలూ వాడుతోంది. ఇంజను మోత లేకపోతే ఏనుగు నీళ్లు పీల్చే శబ్దం కూడా వినిపిస్తుంది. అక్కడి గైడ్ల బృందమంతా మహిళలే కావడం, ఒకప్పుడు పూర్తిగా మగవాళ్లదే అనుకున్న ఈ వృత్తిలో చెప్పుకోదగిన మార్పు.

సరిహద్దు దగ్గర రెండు విషయాలు గుర్తుంచుకోవాలి. జాంబియా, జింబాబ్వేలకు కలిపి ఇచ్చే కాజా (కవాంగో-జాంబెజీ) యూనివీసా ఉన్నవారు కజుంగులా మీదుగా బోట్స్వానాకు పగటి యాత్ర చేసి తిరిగి రావచ్చు. అయితే ఆ వీసా బోట్స్వానాలోకి ప్రవేశం ఇవ్వదు. బోట్స్వానా షరతు ఏమిటన్నది ఎవరి పాస్‌పోర్టును బట్టి వారు బయలుదేరకముందే చూసుకోవాలి. ఒకే కుటుంబంలో భారత పాస్‌పోర్టుతో తల్లిదండ్రులు, అమెరికా పాస్‌పోర్టుతో పిల్లలు ఉన్నప్పుడు ఇద్దరికీ ఒకే నియమం వర్తిస్తుందనుకోకూడదు. రెండోది, బోట్స్వానా గడప దగ్గర మందునీళ్లు పోసిన గోనెల వంటి పట్టాల మీద బూట్లు అద్ది నడవమంటారు, వాహనాల చక్రాలనూ ముంచుతారు. ఇది తంతు కాదు. గొడ్డుమాంసం ఎగుమతి మీద ఆ దేశంలో ఎన్నో కుటుంబాలు బతుకుతాయి. గాలికుంటు వ్యాధి వ్యాపిస్తే ఆ ఎగుమతి ఆగిపోతుంది. అడవిలోని గేదెలు ఆ వ్యాధిని మోస్తాయి కాబట్టే ఇంత పట్టుదల. జాంబియా వైపు నుంచి వచ్చేవారు 2021 మేలో ప్రారంభమైన 923 మీటర్ల కజుంగులా వంతెన మీదుగా వస్తారు. అంతకుముందు ఇక్కడ బల్లకట్టే దిక్కు. నాలుగు దేశాల హద్దులు దాదాపు ఒక్కచోటికి వచ్చే ఆ తావులో జింబాబ్వే నేల తగలకుండా వంతెనను వంపు తిప్పి కట్టారు. తక్కినవి మామూలు జాగ్రత్తలే: మలేరియా మందు గురించి వైద్యుణ్ని అడగడం, జూన్, జులై ఉదయాల్లో తెరిచిన వాహనంలో వణికించే చలికి స్వెటరు, అక్టోబరు ఎండకు టోపీ.

మనుషులూ సరిహద్దులూ ఇంత పద్ధతిగా ఉన్నచోట ఏనుగులకు హద్దు లేదు. అంగోలా, బోట్స్వానా, నమీబియా, జాంబియా, జింబాబ్వే 2011లో ఒప్పందం చేసుకుని ఏర్పరచిన కాజా సంరక్షణ ప్రాంతం సుమారు 5,20,000 చదరపు కిలోమీటర్లు. రెండు తెలుగు రాష్ట్రాలూ కలిపిన దానికి దాదాపు రెట్టింపు. 2022లో అయిదు దేశాలూ కలిసి ఆకాశం నుంచి చేసిన గణనలో ఈ ప్రాంతంలో 2,27,900 ఏనుగులు ఉన్నాయని అంచనా వేశారు. అందులో 1,31,909 బోట్స్వానావే. చిత్తూరు జిల్లా కౌండిన్య అడవి అంచున కొన్ని పదుల ఏనుగులతోనే రైతులు ఎంత అవస్థ పడుతున్నారో తెలిసినవారికి ఈ సంఖ్య మరోలా వినిపిస్తుంది. చోబే చుట్టుపక్కల జొన్న, మొక్కజొన్న వేసే రైతుకు ఒక రాత్రిలో చేను పోవడం కొత్త కాదు. 2014లో ఆపిన వేటను 2019లో బోట్స్వానా ప్రభుత్వం మళ్లీ అనుమతించినప్పుడు ముందుకు వచ్చిన కారణాల్లో ఇది ఒకటి. ఆ నిర్ణయం సరైనదా కాదా అన్నది ఇక్కడ తేలే విషయం కాదు గానీ, పడవ మీది నుంచి ఉత్తర గట్టున నమీబియా పల్లెల ఆవులు మేస్తుండగా దక్షిణ గట్టున ఏనుగులు నీళ్లు తాగుతున్నప్పుడు, ఆ ఆవులవారికి ఈ ఏనుగులు రాత్రివేళ ఏమవుతాయన్న ప్రశ్న గైడును అడగవచ్చు. చాలామంది గైడ్లు ఆ ఊళ్లలో పుట్టినవారే. దానికి వారిచ్చే జవాబు ఆ రోజు విన్నవాటిలో అన్నిటికన్నా విలువైనది కావచ్చు.

సాయంత్రం అయిదు ప్రాంతంలో వాహనం పార్కు గేటు దాటి కసానే మీదుగా సరిహద్దుకు మళ్లుతుంది. ఏనుగులు కూడా అదే దారి దాటతాయి. పార్కుకు ఇక్కడ కంచె లేదు. ఊరి మధ్యలోంచి నదికి పోయే దారులను వాటి కోసం కట్టడాలు లేకుండా వదిలారు. చీకటి పడ్డాక కసానేవాళ్లు వీధిలోకి వచ్చేముందు అటూ ఇటూ చూసుకునేది వాహనాల కోసం కాదు.